ఎమామ చేతి ముద్ద

మొన్న మా తోటికోడలు అరకు వెళ్ళొస్తూ నాకో సంచీడు పచ్చి కాఫీ గింజలు పట్టుకొచ్చింది. "వీటినేం చేసుకుంటావో నాకు తెలీదక్కా, అమ్మే పిల్ల బతిమాలితే కొనేశాను" అని బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. రాయ్‌పూర్‌లో మా ఇళ్ళల్లో చాయే గానీ కాఫీ అలవాటు లేదు. పారేయ బుద్ధికాక ఇనుప మూకుడు పొయ్యి మీద పెట్టి వేయించడం మొదలుపెట్టాను. ముందు పచ్చిగడ్డి వాసన వచ్చింది, తర్వాత వేయించిన శనగల వాసన. గింజలు చిటపటమని నల్లబడి, నీలంగా పొగ లేచేసరికి గరిటె వదిలేసి గచ్చు మీద చతికిలబడ్డాను. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి "మమ్మీ, క్యా జల్ గయా?" అంది. ఏమీ మాడలేదే తల్లీ, నా పన్నెండో ఏడు గుర్తొచ్చింది అన్నాను. దానికేం అర్థమవుతుంది పాపం!

మా నాన్న రాయ్‌పూర్ పక్కనే ఉర్లాలో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి, కొలిమి రంగు చూసి వేడెంతో చెప్పగలిగే పనిమంతుడయ్యాడు. ఎర్రగా కాలిన కడ్డీ ఒక రోలరు లోంచి బుస్సున బయటికొస్తుంటే, చేతిలో సండాసీ, అంటే పొడుగాటి పట్టకారు, పట్టుకున్న మనిషి దాన్ని ఒడుపుగా అందుకుని వెనక్కి తిప్పి ఇంకో రోలరుకి అందించేవాడు. ఆ పని ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు చేసేస్తున్నాయి. అప్పట్లో అలాంటి మనుషుల కోసం ఆఫ్రికా నుంచి కూడా కబుర్లు వచ్చేవి. అలా నాన్న రెండేళ్ళ ఒప్పందం మీద ఇథియోపియా వెళ్ళాడు.

ఏడాది పాటు నాన్నంటే మాకు ఆదివారం ఫోను. మూడు నిమిషాల్లో అమ్మ రెండున్నర నిమిషాలు "తింటున్నారా? ఏటి తింటున్నారు?" అని అడిగేది. మిగిలిన అర నిమిషం నేనూ ఆరేళ్ళ చెల్లీ కొట్టుకునేవాళ్ళం. అందుకే వేసవి సెలవులకి మమ్మల్నీ రమ్మన్నాడని తెలిసినప్పుడు నేను ఎగిరిన ఎగురుడు చూసి పక్క క్వార్టరు వాళ్ళు ఏమైందోనని వచ్చారు.

పాస్‌పోర్టుల కోసం భోపాల్, సూదిమందు కోసం బొంబాయి. పసుపు జ్వరం రాకుండా టీకా వేసి ఒక పసుపుపచ్చ పుస్తకం చేతిలో పెడితే, చెల్లి అదే విమానం టికెట్టనుకుని నిద్రలో కూడా వదల్లేదు. అమ్మ సామానంతా వంటిల్లే. కుక్కరు, కందిపప్పు, చింతపండు, ఆవకాయ, తను తాగే చెంబు. విమానంలో ట్రే ముందు పెడితే ముట్టుకోలేదు. "ఎవరు తిని కడిగిన గిన్నెలో ఏటో!" అని పచ్చి మంచినీళ్ళతో, అవీ పైకెత్తి పోసుకుంటూ, సముద్రం దాటేసింది.

అమ్మకి ఎంగిలి పట్టింపు అంత ఇంత కాదు. మేం కొరికిన జామకాయ నాన్న తింటే ఊరుకునేది కాదు. తిన్న కంచం ముట్టుకున్న చేత్తో మంచినీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళామా, వీపు విమానం మోతే. కూర రుచి చూడ్డానికి కూడా గరిటెతో అరచేతిలో వేసుకుని నాలిక్కి అందీ అందకుండా చప్పరించేది.

నాన్న ఉండే ఊరు రాజధానికి రెండు గంటల దూరం. విమానం దిగగానే నేను మొదట ఆశ్చర్యపోయింది చలికి. రాయ్‌పూర్‌లో తారు రోడ్డు చెప్పుకి అంటుకునే రోజుల్లో ఇక్కడ స్వెట్టరు వేసుకోవడమా! ఆ ఊళ్ళో కొండల నోళ్ళల్లో చెరువులున్నాయి. ఒకప్పుడు నిప్పు కక్కిన కొండలట. ఇప్పుడు ఆ గుండ్రటి గుంటల్లో నల్లగా, చల్లగా నీళ్ళు. అంచున నిలబడి కిందికి చూస్తే నాకు మాట రాలేదు. నా నోటికి అది అరుదైన సంగతని మా వాళ్ళంతా ఒప్పుకుంటారు.

గడియారం కూడా వేరే. మనకి ఉదయం ఏడైతే వాళ్ళకి ఒంటిగంట. పొద్దు పొడిచాక లెక్క మొదలుపెడతారు మరి. సంవత్సరం కూడా మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. "అయితే నేను ఇంకా పుట్టలేదా?" అని చెల్లి ఒకటే ఏడుపు. నాన్న దాన్ని భుజాన ఎక్కించుకుని, ఇంకా పుట్టని పిల్ల ఇంత బరువుందేటని నవ్వించాడు. ఏడాది తర్వాత నాన్న నవ్వు అంత దగ్గరగా విని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేమున్నది ఒక పెద్దావిడ ఇంటి వెనక రెండు గదుల్లో. ముందు భాగంలో ఆవిడా, ఆవిడ అన్నగారూ ఉండేవారు. పెద్దవయసు ఆడవాళ్ళని అక్కడ ఎమామ అని పిలుస్తారని నాన్న చెప్పాడు. మాకు ఆ పిలుపు నోట్లో ఇట్టే పట్టేసింది. ఎమామ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల పైట కప్పుకుని ఉండేది. అవునని చెప్పాలంటే మాటతో చెప్పదు. ఉలిక్కిపడ్డట్టు చటుక్కున గాలి లోపలికి పీలుస్తుంది. మొదటిరోజు చెల్లి "నీకు పిల్లి ఉందా?" అని సైగ చేసి అడిగితే అలాగే పీల్చింది. పిల్లంటే అంత భయమా అని మేం జాలిపడ్డాం. రెండు రోజుల్లో మేమిద్దరం కూడా అమ్మ ప్రతి ప్రశ్నకీ హాఁ అని గాలి పీల్చడం మొదలుపెట్టి మొట్టికాయలు తిన్నాం.

అన్నగారు సర్కారు కచేరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఇంగ్లీషు మాట్లాడేవాడు. మమ్మల్ని చూసిన రోజున వాళ్ళ పద్ధతిలో పలకరిస్తూ నాన్న రెండు భుజాలకీ భుజం ఆనించి, "నాకు లెక్కలు నేర్పింది మీ దేశం మేష్టారే" అన్నాడు. ఆయన బడిలో చదివిన రోజుల్లో సగంమంది పంతుళ్ళు మనవాళ్ళేనట. పదమూడో ఎక్కం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పి, తప్పు లేకుండా వచ్చినందుకు తనే మురిసిపోయాడు. మన పేరు తెలియని దేశంలో మనవాళ్ళెవరో ముందే వచ్చి ఇంత మంచిపేరు పెట్టి వెళ్ళారా అని అమ్మ కూడా విస్తుపోయింది.

ఎమామ అట్లు పోయడం చూడ్డానికి నేను పొద్దున్నే వెళ్ళి కూర్చునేదాన్ని. మూడు రోజులు పులిసిన పిండి. బండి చక్రమంత మట్టి పెనం. మనం అట్టు మధ్యలో వేసి బయటికి తిప్పుతాం కదా, ఆవిడ అంచు నుంచి మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి పోసుకుంటూ వస్తుంది. మూత పెట్టి తీస్తే అట్టు నిండా కళ్ళే కళ్ళు. "ఉల్టా పోస్తోందే!" అని అమ్మ కూడా గుమ్మం దాకా వచ్చి నోరెళ్ళబెట్టింది. ఆ అట్టే వాళ్ళకి అన్నం, కంచం కూడా అదే. పెద్ద అట్టు పరిచి, మీద కూరలు గుట్టలుగా పోసి, చుట్టూ నలుగురూ కూర్చుని తుంపుకుని తింటారు. ఆ సంగతి చూసిన అమ్మ మాత్రం మళ్ళీ గుమ్మం దాటలేదు.

మేం దాటాం. ఎమామ అట్టు ముక్కలో కూర చుట్టి తన చేత్తో మా నోట్లో పెట్టేది. అది వాళ్ళ మర్యాద. గుర్షా అంటారు. ఇష్టమైన మనిషికి స్వహస్తంతో ముద్ద పెట్టాలి, ఒక్కటితో ఆపకూడదు. చెల్లి అయితే సిగ్గులేకుండా ఎవరి ఇంటి ముందు ఎవరు తింటున్నా వెళ్ళి నోరు తెరిచేది. తిరిగొచ్చేముందు కుళాయి దగ్గర మూతులు కడుక్కుని, ఒకరి మొహం ఒకరు వాసన చూసుకునేవాళ్ళం. అయినా అమ్మ ముక్కు ముందు మా వేషాలు సాగుతాయా! "ఏటే గుంటా, నీ నోట్లో ఆ వాసనేటి?" "ఏం లేదమ్మా, పూల వాసన." "పూలలో ఎల్లుల్లి ఏసినారేటి?"

కాఫీకి మాత్రం అమ్మ వచ్చేది, తన గ్లాసు పట్టుకుని. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, గింజలు అప్పటికప్పుడు వేయించి, ఆ పొగలు కక్కే పెనం ఎమామ ఒక్కొక్కరి ముందుకీ తెచ్చేది. వాళ్ళు చేత్తో పొగని మొహం మీదికి తోసుకుంటారు. అమ్మకి అది హారతిలా కనిపించి భక్తిగా కళ్ళకద్దుకుంది. ఎమామ మురిసిపోయింది. మూడు వాయిలు తాగేదాకా లేవకూడదంటే, అమ్మ మూడు వాయిలూ ఓపిగ్గా కూర్చునేది. పైగా అవి వాళ్ళ ఉపవాసపు రోజులు. ఈస్టరు పండగ ముందు యాభై అయిదు రోజులు మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. శనివారం ఒక్కపొద్దుండే మా అమ్మ ఆ లెక్క విని, "యాభై అయిదు రోజులే! ఈవిడ మహాతల్లి" అని బుగ్గలు నొక్కుకుంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ చింతపండు చూపించుకుని, కారం వాసన చూపించుకుని గంటలు గంటలు కబుర్లాడేవారు.

అలాంటిది, పండగ నాడు అంతా తలకిందులైంది.

పొద్దున్నే ఎమామ ఇంటినిండా చుట్టాలు, అందరూ తెల్లబట్టల్లో. ఇల్లంతా కోడికూర ఘుమఘుమ. అన్నాళ్ళ ఉపవాసం విడిచే రోజున, అమ్మ నీచు తినదని ఎమామ పనిగట్టుకుని వేరే కుండలో ఎర్రపప్పు వండింది. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టింది. అందరూ చూస్తుండగా, తను ఇంకా ఏమీ ముట్టకుండానే, అట్టు తుంపి పప్పు చుట్టి అమ్మ నోటి దగ్గరికి తెచ్చింది.

అమ్మ వెనక్కి విరుచుకుపడినంత పని చేసి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి ఎమామ మణికట్టుకి తగిలింది. ముద్ద గడ్డి మీద పడింది.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎమామ వంగి, ముద్ద ఏరి, పైట కొంగులో కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు అన్నగారు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేల చూపులు చూస్తూ, ఈ వారాంతానికి గదులు ఖాళీ చేస్తే బావుంటుంది అన్నాడు. పదమూడో ఎక్కం చదివిన మనిషేనా అనిపించింది. ఆ ఊళ్ళో వేరే ఇల్లు దొరకదు. నాన్న మిల్లు వాళ్ళ బ్యారక్‌లో పదిమంది మగవాళ్ళ మధ్య సర్దుకుంటాడు గానీ మాకు అక్కడ చోటు లేదు. అంటే మేం రాయ్‌పూర్ వెళ్ళిపోవాలి. ఇంకా నెలపైన ఉండాల్సిన వాళ్ళం. మళ్ళీ ఏడాది దాకా ఆదివారం ఫోను, అర నిమిషం నాన్న.

"పోదాం. మనిల్లు మనకి నేదేటి?" అంది అమ్మ, డబ్బాల మూతలు బిగిస్తూ. బిగించిన మూతనే మళ్ళీ బిగించింది.

నేను ఎదురు తిరిగాను. "అంతా నీవల్లే! నోరు తెరిస్తే ఏం పోయేది? నేను రోజూ తింటున్నాను, చచ్చిపోయానా?" అని అరిచాను. లెంపకాయ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. ఆ దెబ్బ పడనందుకు నాకు ఇంకా భయమేసింది.

మూడు రోజులు ముందువైపు నుంచి కాఫీ పొగ రాలేదు. మూడో రోజు సాయంత్రం నాన్న మిల్లు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అమ్మ ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు.

"నీకో సంగతి సెప్పలేదు" అన్నాడు. "పోయిన వానల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది."

"ఫోనులో బావున్నానన్నారు కదా!"

"అన్నాను. లేచి కూకోడానికి ఓపిక నేదు. సెయ్యి పైకి లేవదు. మిల్లు వాళ్ళు మందులు పడేసి పోయారు. ఆవిడ తొమ్మిది రోజులు నా పక్కన కూకుని తన సేత్తో నా నోట్లో పెట్టింది. నేను కక్కితే తుడిసి మళ్ళీ పెట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ తిన్న కంచమూ నా కంచమూ ఒకటే." నాన్న వంగి బూటు తాడు లాగాడు. "నీకు సెప్తే ఇంటికొచ్చాక నన్ను గడప బయట నిలబెట్టి నీళ్ళు పోస్తావని సెప్పలేదు."

అమ్మ లేచి, కట్టేసిన డబ్బాల్లోంచి చింతపండు తీసింది. పులిహోర కలిపింది. కలుపుతున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. కంచం పట్టుకుని ముందువైపు నడిచింది. నేను చెల్లి చెయ్యి పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

ఎమామ పీట మీద ఒక్కతీ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. అమ్మ కంచం కింద పెట్టి, ఆవిడ ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. చెప్పడానికి భాష లేదు. చాలాసేపయ్యాక ఎమామ లేచి మూల ఉన్న బకెట్టు దగ్గరికి వెళ్ళింది. సబ్బు తీసుకుంది. మోచేతుల దాకా రుద్దింది. గోళ్ళు రుద్దింది. మళ్ళీ సబ్బు రాసింది. కడుక్కుని వచ్చి, రెండు చేతులూ అమ్మ ముందు చాపి, ఒకసారి అరచేతుల వైపు, ఒకసారి వెనక వైపు తిప్పి చూపించింది.

ఈ మూడు రోజులూ ఆవిడ తన చేతులు మురికివని అమ్మ అసహ్యించుకుందనుకుంది!

అమ్మ "అయ్యో, అయ్యో నా తల్లీ, అది కాదు" అంటూ ఆ తడి చేతులు పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. మా అమ్మ అలా ఏడవడం నేనంతకు ముందు చూడలేదు. ఏడుస్తూనే మొహం పైకెత్తి నోరు తెరిచింది. ఎమామ పులిహోరే తీసి ముద్ద చేసి పెట్టింది. ఇంకోటి పెట్టింది. మూడోది పెడుతుండగా తనూ ఏడ్చేసింది. అమ్మ తన వేళ్ళు ఎంగిలయ్యాయో లేదో చూసుకోకుండా ఆవిడకి పెట్టింది. ఆవాలూ మిరపకాయలూ తగిలి ఎమామ దగ్గుతూ నవ్వుతుంటే, చెల్లి మధ్యలో దూరి నోరు తెరిచింది. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడిపోయాను.

గదులు ఖాళీ చెయ్యలేదని వేరే చెప్పాలా? ఇంకా నెలపైన ఉన్నాం. నాన్న భుజం ఎక్కని రోజు లేదు చెల్లి.

జూన్‌లో రాయ్‌పూర్ వచ్చాం. ఇక్కడ మా ఇంట్లో పనిచేసే ఆవిడ గురించి ఇంతసేపూ నేను ఒక్క ముక్క చెప్పలేదు. నేను పుట్టినప్పటి నుంచి ఉంది. నాకు నీళ్ళు పోసింది, జడలు వేసింది. అయినా ఆవిడ తినేది పెరటి మెట్ల మీద, తాగేది కిటికీలో బోర్లించిన వేరే గ్లాసులో. అది నాకెప్పుడూ వింతగా కనిపించలేదు. సముద్రాలు దాటొచ్చాను గానీ ఆ మెట్ల మీద ఏముందో నేను అంతవరకూ చూడలేదు. ఇవాళ ఈ కథ చెబుతూ కూడా ఆవిడని చివరికే ఉంచాను చూడండి.

వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అమ్మ కంచంలో పప్పన్నం కలిపి, మెట్ల మీదికి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ముద్ద నోటిదాకా తీసుకెళ్ళింది. ఆవిడ మొహం పక్కకి తిప్పేసుకుంది.

"రహన్ దే దీదీ. మోలా ఆదత్ నై హే." వద్దు దీదీ, నాకు అలవాటు లేదు అంది ఛత్తీస్‌గఢీలో. కోపంగా కాదు, మామూలుగా.

అమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ ముద్ద తనే తినేసింది. లోపలికి వస్తుందనుకున్నాను. రాలేదు. తన కంచం తను, ఆవిడ కంచం ఆవిడ, ఇద్దరూ ఆ మెట్ల మీదే తిన్నారు. ఆ రోజు నుంచి అమ్మ భోజనం అక్కడే. కిటికీలో గ్లాసు మా గ్లాసుల్లో కలిసిపోయింది. కానీ అమ్మ మళ్ళీ ఎప్పుడూ ముద్ద పెట్టబోలేదు. ఎందుకని అడిగితే, "నేను ఒక్కసారి కాదంటే ఎమామ మూడు రోజులు కుమిలిపోయింది. ఈవిడ పన్నెండేళ్ళు ఊరుకుంది. తొందర పెట్టే ముఖమేటి నాకు?" అంది.

కాలేజీ రోజుల్లో ఒక మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చాను. అమ్మకి నాలుగు రోజులుగా జ్వరం, ఏమీ తినడం లేదు. పెరటి గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయాను. అమ్మ మెట్టు మీద గోడకి చేరబడి ఉంది. ఆవిడ తన కంచంలోంచి, అప్పటికే తను సగం తిన్న కంచంలోంచి, అన్నం బచ్చలికూరతో కలిపి ముద్ద చేసి అమ్మ మూతి ముందు పెట్టి గదమాయిస్తోంది. "ఖా లే ఓ దీదీ. చుప్పే ఖా." తినవే దీదీ, మారు మాటాడక తిను అని.

అమ్మ నోరు తెరిచింది.

చెప్పులు చప్పుడవుతాయేమోనని విప్పి చేత్తో పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాను. ముందు వాకిట్లో ఎండలో, వాళ్ళ తిండి అయ్యేదాకా నిలబడ్డాను.